తొమ్మిదేళ్లుగా తెలిసిన టీమ్‌కి నా పేరు మళ్లీ చెప్పాలి

కొత్తసంతకం రాశారు:

చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నేను ట్రాన్స్ మహిళని, అంటే పుట్టినప్పుడు మగపిల్లాడని రాశారు, కానీ నేను మహిళని. తొమ్మిదేళ్లుగా ఒకే కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. ఇంట్లో తెలుసు, దగ్గరి స్నేహితులకు తెలుసు, ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. హార్మోన్లు మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది. ముఖం మారుతోంది, చర్మం మారుతోంది, "ఒంట్లో బాగుంటోందా, ఏదోలా ఉన్నావు" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఇంక ఎక్కువ రోజులు దాచలేను, దాచాలనీ లేదు.

కొత్త ఉద్యోగమైతే మొదటిరోజే నా పేరు ఇదీ అని చెప్పి పనిలో కూర్చుంటాను. వీళ్లు తొమ్మిదేళ్లుగా నన్ను ఎరిగినవాళ్లు. పక్క సీటు ఆయనే నాకు ఈ పని నేర్పారు. ఆయన నోట నా పాత పేరు రోజుకి ముప్పైసార్లు వస్తుంది, ప్రతిసారీ ఆప్యాయంగానే వస్తుంది, నాకు కష్టంగా ఉన్నది అదే. తిట్టేవాళ్లని ఎదుర్కోవడం వేరు, ప్రేమగా తప్పు పేరుతో పిలిచేవాళ్లని ఆపడం వేరు.

వచ్చే నెలలో చెప్పేద్దామని అనుకుంటున్నాను. ముందు మేనేజర్‌కా, హెచ్‌ఆర్‌కా? ఉత్తరం రాయాలా, ఎదురుగా కూర్చుని చెప్పాలా? ఇది దాటినవాళ్లు ఏం చేశారో చెప్పండి. ఏం చేయకుండా ఉండాల్సిందో కూడా చెప్పండి.

పాతికేళ్ల_హెచ్‌ఆర్ రాశారు:

నేను ట్రాన్స్ కాదు. హెచ్‌ఆర్‌లో పాతికేళ్లుగా ఉన్నాను, ముగ్గురు ఉద్యోగుల ట్రాన్సిషన్ (తమ అసలు లింగంతో, కొత్త పేరుతో బతకడం మొదలుపెట్టడం) నా చేతుల మీదుగా జరిగింది. మొదటిది నేను చెడగొట్టాను, అందుకే రాస్తున్నాను.

ఆ అమ్మాయి వచ్చి చెప్పగానే నేను ఉత్సాహపడి సోమవారమే టీమ్‌ని కూర్చోబెట్టి మంచి మాటలు చెప్పించాను. అందరూ బాగా స్పందించారు. మంగళవారం ఉదయం ఆవిడ సెలవు మంజూరైందని టీమ్ మొత్తానికి ఆటోమేటిక్ మెయిల్ వెళ్లింది, పాత పేరుతో. బుధవారం తలుపు దగ్గర కార్డు పెడితే తెర మీద పాత పేరు, పాత ఫోటో. సెక్యూరిటీ అతను ఆపాడు. పది రోజుల పాటు ఏదో ఒక యంత్రం ఆవిడని పాత పేరుతో పిలుస్తూనే ఉంది, ప్రతిసారీ ఆవిడ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. మాటలు ముందు చెప్పించి పనులు తర్వాత చేయడం నా తప్పు.

అందుకని కొత్తసంతకం గారూ, ముందు హెచ్‌ఆర్‌లో నమ్మకమున్న ఒక్కరితో మాట్లాడండి, పేరు ఎక్కడెక్కడ కనబడుతుందో ఇద్దరూ కూర్చుని వెతకండి. లాగిన్, మెయిల్, చాట్‌లో కనబడే పేరు, గుర్తింపు కార్డు, ఫోన్ డైరెక్టరీ, ట్రైనింగ్ రికార్డులు, ప్రింటర్‌లో వచ్చే కాగితం మూల మీద అచ్చయ్యే పేరు వరకూ. జీతం, పన్ను, బ్యాంకు లాంటి కాగితాలకి మాత్రమే అధికారిక పేరు తప్పనిసరి. మిగతా చోట్ల పిలిచే పేరు పెట్టుకోవచ్చు. "సిస్టమ్ ఒప్పుకోదు" అని ఐటీ వాళ్లు అంటే ఒక్కసారికే వదిలేయకండి. చాలా సాఫ్ట్‌వేర్లలో కనబడే పేరుకి విడిగా ఒక గడి ఉంటుంది, దాన్ని ఎవరూ వాడి ఉండరు, అంతే.

ఇవన్నీ ఒకే రాత్రి మారేలా తేదీ పెట్టుకోండి. ఆ మర్నాడు చెప్పండి.

రాత్రి_షిఫ్ట్ రాశారు:

హెచ్‌ఆర్ గారు చెప్పింది అక్షరాలా నిజం, ఒక్కటి కలుపుతాను. వాష్‌రూమ్ సంగతి ముందే తేల్చుకోండి. సిగ్గుపడి వదిలేయకండి.

నేనూ ట్రాన్స్ మహిళనే, కస్టమర్ సపోర్ట్‌లో ఉంటాను. చెప్పిన రోజు చప్పట్లు కొట్టారు, కేకు కోశారు. తర్వాత మేనేజర్ పక్కకి పిలిచి, "నీ కోసం నాలుగో అంతస్తులో ఒకటి ప్రత్యేకంగా కేటాయించాం" అన్నారు. మంచి మనసుతోనే అన్నారనుకుంటాను. మేము పనిచేసేది ఒకటో అంతస్తులో. మాకు బ్రేక్ ఏడు నిమిషాలు, లాగవుట్ అయిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది. లిఫ్ట్ కోసం నిలబడి వెళ్లి వచ్చేసరికి రోజూ రెండు మూడు నిమిషాలు ఎక్కువయ్యేవి, నెలాఖరుకి నా పేరు పక్కన ఎర్ర గీత పడేది. దాంతో షిఫ్ట్ మొత్తం నీళ్లు తాగడం మానేశాను. రెండుసార్లు మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. డాక్టరు నీళ్లు ఎందుకు తాగట్లేదని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

ఇంకోటి గొంతు. టెస్టోస్టెరాన్ తీసుకునే ట్రాన్స్ పురుషులకి స్వరతంత్రులు మందమై గొంతు దిగుతుంది. ఈస్ట్రోజెన్‌తో మనకి అలా పైకి లేవదు, ఒకసారి దిగిన గొంతు హార్మోన్లతో మారదు, సాధన చేయాల్సిందే. నేను స్పీచ్ థెరపిస్ట్ దగ్గర ఏడాది నేర్చుకున్నాను. హెచ్చు స్థాయి కన్నా మాట ఎక్కడ మోగుతోంది, ఛాతీలోనా నోటి ముందు భాగంలోనా అన్నది ముఖ్యమని అక్కడే తెలిసింది. ఎనిమిది గంటల షిఫ్ట్ చివరికి అలిసిపోతే గొంతు జారిపోతుంది, కస్టమర్ "సార్" అంటాడు. మొదట్లో ప్రతి "సార్"కీ ఏడ్చేదాన్ని. ఇప్పుడు నా పేరు ఇంకోసారి మెల్లగా చెప్పి సమస్య ఏంటో అడుగుతాను.

సూటిమాట రాశారు:

నేను ఎవరినీ నొప్పించాలని అడగట్లేదు, నిజంగానే అర్థం కావట్లేదు. ఆఫీసుకి వెళ్లేది పని చేయడానికి కదా. ఇది పూర్తిగా వ్యక్తిగత విషయం. అందరినీ కూర్చోబెట్టి చెప్పడం అవసరమా? చెప్పకుండా పని చేసుకుంటే ఇంత టెన్షన్ ఉండదు కదా.

వెన్నెలదారి రాశారు:

అడిగినందుకు మంచిదే అయింది, సూటిమాట గారూ. సోమవారం ఉదయం మీ ఆఫీసులో మాటలు ఒక పది నిమిషాలు వినండి. మా ఆయనకి జ్వరం, మా ఆవిడ ఊళ్లో లేదు, మా పాప స్కూల్లో ఇలా జరిగింది. అందరూ వ్యక్తిగత విషయాలే మాట్లాడతారు, వాళ్లకి అది కనబడదు, ఎందుకంటే వాళ్లు ఏదీ దాచక్కర్లేదు. నేను ట్రాన్స్ పురుషుణ్ని. ఆరేళ్ల పాటు ప్రతి వాక్యాన్నీ నోట్లోనే ఆపి, చూసుకుని, కత్తిరించి బయటికి పంపాను. శని ఆదివారాలు ఏం చేశావని అడిగితే "ఏం లేదు" అనేవాణ్ని. ఆ ఏడాది నా అప్రైజల్‌లో "పని బాగుంది, టీమ్‌తో కలవదు" అని రాశారు. ఆ "కలవదు" అన్న మాటలో ఆడపిల్ల ఉంది, నేను లేను. చెప్పకపోతే టెన్షన్ లేదన్నారు కదా, చెప్పకపోవడమే నాకు రెండో ఉద్యోగంలా ఉండేది, దానికి జీతం లేదు.

చెప్పిన తర్వాత జరిగిన ఒక సంగతి ఇక్కడ రాయాలి, ఎందుకంటే దీని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. గడ్డం వచ్చి, గొంతు మారి, కొత్త ఆఫీసులో చేరాక మీటింగుల్లో నా మాట మధ్యలో ఎవరూ అడ్డు రావడం లేదని గమనించాను. అదే మెదడు, అవే ఆలోచనలు. ఇంతకుముందు రెండుసార్లు చెబితే గానీ ఎక్కని మాట ఇప్పుడు ఒక్కసారికే ఎక్కుతోంది. స్టాన్‌ఫర్డ్‌లో న్యూరోసైన్స్ ప్రొఫెసర్‌గా చేసిన బెన్ బారెస్ 2006లో నేచర్ పత్రికలో ఇదే రాశారు. ఆయన ట్రాన్సిషన్ తర్వాత ఒక ఉపన్యాసం ఇస్తే, విన్న శాస్త్రవేత్త ఒకాయన ఈయన పని వీళ్ల సోదరి పని కన్నా చాలా బాగుందన్నారట. ఆ సోదరి ఎవరో కాదు, పాత పేరుతో ఉన్న ఆయనే. అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నాకు మర్యాద దొరికిందని సంతోషించాలో, నా పక్కన కూర్చున్న ఆవిడకి ఇంకా దొరకట్లేదని బాధపడాలో తెలియదు. ఇప్పుడు ఆవిడ మాటని ఎవరైనా దాటేస్తే, "ఆవిడ చెప్పింది పూర్తికానివ్వండి" అంటాను. అంతవరకూ నా చేతిలో ఉంది.

సూటిమాట రాశారు:

అప్రైజల్ సంగతి నాకు తట్టలేదు. మా టీమ్‌లో ఎప్పుడూ ఏమీ చెప్పని ఒకరి గురించి నేనే అలా రాశాను. కారణం ఇదేనని కాదు, కానీ ఆలోచిస్తున్నాను.

రెండోబెంచీ రాశారు:

కొత్తసంతకం గారూ, మీ పక్క సీటు ఆయన స్థానంలో ఉన్నవాణ్ని నేను. ఐదేళ్లుగా నా పక్కన కూర్చున్న సహోద్యోగి ఒక ఉదయం తన పేరు చెప్పారు. మొదటి వారంలో నాలుగుసార్లు తప్పు పిలిచాను. ప్రతిసారీ అయ్యో అని, సారీ అని, నాకు అలవాటైపోయిందని, తప్పుగా అనుకోవద్దని ఐదు నిమిషాలు చెప్పేవాణ్ని. చివరికి ఆవిడే నన్ను ఓదార్చాల్సి వచ్చేది. ఒకరోజు ఆవిడే అన్నారు, "తప్పు వస్తే దిద్దుకుని వాక్యం పూర్తి చెయ్యండి, నాకు అంతే చాలు" అని.

పేరు తొందరగానే అలవాటైంది, క్రియలు పట్టుబడలేదు. తెలుగులో ఆవిడ పేరు ఎత్తకపోయినా "చెప్పాడు", "వెళ్లాడు" అని క్రియ చివర బయటపడిపోతుంది. ఇంట్లో కూర్చుని ఆ రోజు ఆవిడ చేసిన పనులన్నీ నాకు నేనే చెప్పుకునేవాణ్ని. ఫైలు పంపింది, ఫోన్ చేసింది, లెక్క సరిచూసింది. మూడు వారాలు పట్టింది. ఆవిడ లేనప్పుడు ఆవిడ గురించి మాట్లాడేటప్పుడు కూడా సరిగ్గా అనాలి, అసలు అలవాటయ్యేది అప్పుడే.

నడుమదారి రాశారు:

ఈ క్రియల సంగతి వచ్చింది కాబట్టి నాది చెబుతాను. నేను నాన్‌బైనరీ. ఆడా కాదు, మగా కాదు. తెలుగులో నేను నిలబడగలిగే చోటు ఒకే ఒక్కటి, "గారు". వచ్చారు, కూర్చున్నారు, చెప్పారు. అందులో ఆడా మగా లేదు. మా ఆఫీసులో నాకన్నా పెద్దవాళ్లు నన్ను "వచ్చారు" అంటే ఇబ్బందిపడతారని మొదట అనుకున్నాను. ఇద్దరు ముగ్గురు అలాగే పిలవడం మొదలుపెట్టాక మిగతావాళ్లకీ అలవాటైంది. "నేను వచ్చాను" అన్నప్పుడు కూడా లింగం లేదు, నా గురించి నేను చెప్పుకుంటున్నంతసేపూ నాకు భాషతో గొడవ లేదు. ఇంకొకరు నా గురించి చెప్పేటప్పుడే అంతా.

కొత్తసంతకం రాశారు:

నడుమదారి గారూ, మీకు చోటైన ఆ "గారు" నాకు భయం. మేనేజర్‌కి నిన్న చెప్పేశాను (ముందు హెచ్‌ఆర్‌లో ఒకరితో మాట్లాడి, జాబితా రాసుకుని). ఆయన బాగానే మాట్లాడారు. కానీ తొమ్మిదేళ్లుగా "రా, కూర్చో" అన్న మనిషి నిన్నటి నుంచి "రండి, కూర్చోండి" అంటున్నారు. "ఆమె" అని అనలేక, "అతను" అని అనకూడదని, మధ్యలో గౌరవంలో దాక్కున్నట్టు అనిపించింది. నన్ను దూరం పెట్టారా, మర్యాద ఇచ్చారా అర్థం కాలేదు.

రాత్రి_షిఫ్ట్ రాశారు:

నాకు ఎనిమిది నెలలు అలాగే నడిచింది, అక్కా. దాని అవతల ఇంకోటి ఉంది, అదీ చెబుతాను. "వచ్చింది" అన్న మాట తెలుగులో ఆడవాళ్లకీ అదే, బస్సుకీ అదే. మా ఫ్లోర్‌లో ఒకడు నా వెనకాల "అదిగో, అది వచ్చింది" అనేవాడు, నన్ను వస్తువుని చేసి. మా టీమ్ లీడర్ అదే వారంలో ఫోన్‌లో ఎవరికో "మా అమ్మాయి ఇప్పుడే వచ్చింది, ఇస్తున్నా" అంది. ఒకే క్రియ. ఒకదానికి ఇంటికెళ్లి ఏడ్చాను, ఇంకోదానికి ఆనందంతో ఏడ్చాను. మీ మేనేజర్ గారికి ఎదురుగానే చెప్పండి, "మీరు ఎప్పటిలా నువ్వనే పిలవండి, నా గురించి ఇంకొకరికి చెప్పేటప్పుడు ఆమె అనండి" అని. ఆయనకి అడగడం తెలియక అలా ఉండి ఉంటారు.

చెట్టునీడ రాశారు:

నేను పద్నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పకుండా పనిచేస్తున్న ట్రాన్స్ పురుషుణ్ని. ఇప్పటి ఆఫీసులో నేను మామూలు మగవాణ్ని, అంతే. దాచుకోవడమంటే సిగ్గుపడటమని కొందరు అంటారు, ఆ మాట నేను ఒప్పుకోను. నా ఆరోగ్య చరిత్ర అందరికీ చెప్పాల్సిన బాకీ నాకు లేదు.

దీనికి నేను ఇచ్చింది మాత్రం తక్కువేమీ కాదు. మొదటి ఏడేళ్ల ఉద్యోగం పాత పేరు మీద ఉంది. కంపెనీ మారిన ప్రతిసారీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దగ్గర ఆ ఏడేళ్లు వదిలేశాను. నాకన్నా చిన్నవాళ్ల కింద పనిచేశాను, నాకు తెలిసిన పనిని కొత్తగా నేర్చుకున్నట్టు నటించాను. కంప్యూటర్ శాస్త్రవేత్త లిన్ కాన్వే కథ తెలిసినప్పుడు అది నాదే అనిపించింది. ఆవిడ ట్రాన్సిషన్ సంగతి తెలిసి ఐబీఎం 1968లో ఉద్యోగంలోంచి తీసేసింది. అప్పటికే కంప్యూటర్ల వేగం పెంచే చాలా ముఖ్యమైన పద్ధతి ఒకటి కనిపెట్టిన మనిషి, అదేదీ నాదని చెప్పుకోలేక, కొత్త పేరుతో మామూలు ప్రోగ్రామర్‌గా మళ్లీ కింద నుంచి మొదలుపెట్టారు. తర్వాత జిరాక్స్ పరిశోధనశాలలో చేరారు, కార్వర్ మీడ్‌తో కలిసి 1980లో రాసిన పాఠ్యపుస్తకంతో చిప్‌ల డిజైన్ నేర్పే తీరే మారిపోయింది. ఇంత చేసిన మనిషి 1968కి ముందు జీవితం గురించి మూడు దశాబ్దాలు బయట మాట్లాడలేదు. ఐబీఎం క్షమాపణ చెప్పింది 2020లో. 52 ఏళ్లు పట్టింది. 2024లో ఆవిడ చనిపోయారు. క్షమాపణ వినేంతకాలం బతికి ఉన్నారన్నదే నాకు కాస్త ఊరట.

అందుకని కొత్తసంతకం గారూ, మీ తొమ్మిదేళ్లని వదులుకోకండి. కొత్త పేరు మీద సర్వీసు సర్టిఫికెట్ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, చేరిన తేదీ అదే ఉండాలి. ఇది నేను చేయలేకపోయాను.

పాతికేళ్ల_హెచ్‌ఆర్ రాశారు:

చెట్టునీడ గారూ, ఇప్పుడు కూడా అడగవచ్చు. పేరు మార్పు కాగితం జత చేసి, పాత కంపెనీ హెచ్‌ఆర్‌కి రాయండి, విషయం గోప్యంగా ఉంచమని మొదటి వాక్యంలోనే అడగండి. కారణం వివరించక్కర్లేదు. పెళ్లి తర్వాత పేరు మారినవాళ్లకి ఇలాంటి ఉత్తరాలు మేము ఎన్నో ఇచ్చాం, ఎవరినీ ఎందుకని అడగలేదు.

కొత్తసంతకం గారూ, ఉత్తరం గురించి మొదట అడిగారు కదా, అమెరికాలో ఎయిమీ స్టీఫెన్స్ అనే ట్రాన్స్ మహిళ ఒక అంత్యక్రియల సంస్థలో దాదాపు ఆరేళ్లు పనిచేసి, ఇకపై మహిళగా పనికి వస్తానని 2013లో యజమానికి ఉత్తరం రాశారు. రెండు వారాల్లో తీసేశారు. ఆవిడ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ట్రాన్స్‌జెండర్ అయినందుకు ఉద్యోగంలోంచి తీయడం చట్టవిరుద్ధమని 2020 జూన్ 15న తీర్పు వచ్చింది. దానికి నెల ముందే ఆవిడ చనిపోయారు. యూరప్‌లో ఇలాంటి తీర్పు 1996లోనే వచ్చింది, అదీ ఉద్యోగం పోగొట్టుకున్న ఒక మేనేజర్ కేసులోనే. భారతదేశంలో 2019 చట్టం ఉద్యోగంలో వివక్ష చూపకూడదని చెప్పి, ప్రతి సంస్థలో ఫిర్యాదులు వినడానికి ఒక అధికారి ఉండాలంది. అర్జెంటీనా 2021లో ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 1 శాతం ట్రాన్స్ వ్యక్తులకి కేటాయించింది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, మీ ఆఫీసులో ఆ అధికారి ఎవరని ముందే అడిగి పేరు రాసుకోండి. సమస్య వచ్చాక వెతికితే దొరకరు. ఎదురుగా చెప్పినా సరే, అదే రోజు సాయంత్రం నాలుగు వాక్యాల మెయిల్ పంపండి. తేదీతో కాగితం మీద ఉండాలి.

వెన్నెలదారి రాశారు:

అప్పుడు ఎవరైనా "ఇది జబ్బా, డాక్టరు కాగితం తెచ్చావా" అంటే కంగారు పడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో దీన్ని మానసిక రుగ్మతల అధ్యాయంలోంచి తీసేసింది. మా మేనేజర్‌కి ఈ ఒక్క మాట చెబితే మిగతా ప్రశ్నలు ఆగిపోయాయి.

కొత్తసంతకం రాశారు (ఏడు వారాల తర్వాత):

ఆలస్యమైంది, క్షమించండి. చెప్పేశాను. పేరు గురువారం రాత్రి మారింది, శుక్రవారం ఉదయం పదిహేను మందికి ఎదురుగా మూడు నిమిషాలు మాట్లాడాను, సాయంత్రం మెయిల్ పంపాను. శుక్రవారం కావాలనే పెట్టుకున్నాను, రెండు రోజులు వాళ్లకీ నాకూ ఊపిరి పీల్చుకునే వీలుంటుందని. కార్డు పనిచేసింది, చాట్‌లో పేరు సరిగ్గానే వచ్చింది. ప్రింటర్ ఒక్కటి ఇంకా పాత పేరే అచ్చువేస్తోంది, ఐటీ వాళ్లకి టికెట్ పెట్టాను, ఇది మూడోసారి.

అందరూ బాగున్నారని చెప్పలేను. ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు, పని వరకు మెయిల్ పెడతారు. మీటింగ్ రూమ్‌లోకి నేను వెళితే ఒకాయన ఫోన్ తీసుకుని బయటికి వెళ్తారు. అది రోజూ కనబడుతుంది, రోజూ గుచ్చుకుంటుంది. ఫిర్యాదు చేయాల్సినంతదా కాదా అన్నది తేల్చుకోలేదు. తేదీలైతే రాసిపెట్టుకుంటున్నాను.

మేనేజర్‌కి రాత్రి_షిఫ్ట్ చెప్పినట్టే చెప్పాను. "హమ్మయ్య, ఏమనాలో తెలియక చచ్చిపోతున్నా, కూర్చో" అన్నారు.

పక్క సీటు ఆయన మొదటి రెండు వారాలు నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. "ఇదిగో", "ఇటు చూడు", అంతే. నాకు చాలా భయం వేసింది, ఆయన్ని పోగొట్టుకున్నానేమో అని. మొన్న ఆడిటర్లు వచ్చారు. ఒక లెక్క ఎవరు చేశారని అడిగితే ఆయన నా కొత్త పేరు చెప్పి, "తొమ్మిదేళ్లుగా ఆమే చేస్తోంది" అన్నారు. తొమ్మిదేళ్లుగా అన్నారు. నేను కంప్యూటర్ వైపు తిరిగి అంకెలు చూస్తున్నట్టు కూర్చున్నాను, ఒక్క అంకె కనబడలేదు.

చెట్టునీడ రాశారు:

ఆ వాక్యం మూడుసార్లు చదివాను. నేను కూడా పాత కంపెనీకి రాశాను, హెచ్‌ఆర్ గారు చెప్పినట్టే, కారణం చెప్పకుండా. పేరు మార్పు కాగితం నకలు పంపమని జవాబు వచ్చింది. ఇంకేమీ అడగలేదు. ఉత్తరం ఇంకా రాలేదు, ఎదురుచూస్తున్నాను.

ఇసుకతీరం రాశారు:

కొత్తగా చేరాను. ఈ చర్చ మొత్తం ఒక్క రాత్రిలో చదివాను. నేను గిడ్డంగిలో సరుకు ఎక్కించే పని చేస్తాను, మాకు మెయిల్ లేదు, హెచ్‌ఆర్ అంటే నెలకోసారి వచ్చే ఒకాయన. మంగళవారం మా సూపర్‌వైజర్‌కి చెబుదామనుకుంటున్నాను. మెయిల్ లేనివాళ్లు కాగితం మీద ఎలా పెట్టాలి?

పాతికేళ్ల_హెచ్‌ఆర్ రాశారు:

తెల్ల కాగితం మీద చేత్తో రాయండి, రెండు ప్రతులు. ఒకటి ఆయనకి ఇచ్చి, రెండోదాని మీద "అందింది" అని తేదీతో సంతకం చేయించుకోండి. ఆయన సంతకం చేయనంటే ఫోన్‌లో ఫోటో తీసి మెసేజ్‌గా పంపండి, పంపిన సమయం అందులోనే ఉంటుంది. ఏం రాయాలో తెలియకపోతే ఇక్కడ పెట్టండి, అందరం కలిసి చూస్తాం.

కొత్తసంతకం రాశారు:

మంగళవారం ఎన్ని గంటలకి? నేను ఆ టైమ్‌కి ఇక్కడే ఉంటాను.